లినక్సు తెరపట్టీ: ప్లగిన్లు, ఎక్స్‌టెన్షన్లతో దానిని మన పనికి అనువుగా తీర్చుకొనుట

కంప్యూటరు తెర పైఅంచుననో క్రింది అంచుననో సన్నని పట్టీ ఒకటి ఎల్లప్పుడు కనిపించుచుండును. ప్రోగ్రాముల మెనూ, తెరచియున్న కిటికీల పేర్లు, గడియారము, ధ్వని హెచ్చుతగ్గుల గుర్తు, కీబోర్డు ఏ భాషలో నున్నదో తెలుపు గుర్తు మున్నగునవి దానిపై వరుసగా అమరియుండును. దీనినే ప్యానెల్ అందురు. కంప్యూటరు వాడువారిలో అధికులు దీనిని తయారీదారు ఇచ్చిన రూపముననే స్వీకరించి, జీవితాంతము అట్లే వాడుకొందురు. లినక్సు వ్యవస్థలో అట్టి నిర్బంధము లేదు. ఆ స్వేచ్ఛ మన కళాశాలవంటి ద్విభాషా విద్యాలయమునకు ఏ విధముగ ఉపకరించునో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇట్టి వార్షిక సంచికలలో ఒకప్పుడు ఉర్దూ పుటలను కాతిబు కలముతో వ్రాసెడివాడు. తెలుగు పుటలను కంపోజిటరు సీసపు అక్షరములతో కూర్చెడివాడు. కాతిబు తన కలమును, సిరాబుడ్డిని చేతికందు దూరములోనే ఉంచుకొనెడివాడు. కంపోజిటరు ఎదుట అక్షరముల కేసు ఉండెడిది. తరచుగా వచ్చు అక్షరముల గళ్లు చేతికి దగ్గరగాను, అరుదుగా వచ్చునవి దూరముగాను ఉండెడివి. ప్యానెల్ అమరికలోని సూత్రము కూడ ఇదియే. ఏది మాటిమాటికి కావలెనో అది చేతికందవలెను; ఏది అక్కరలేదో అది కంటికి అడ్డు రాకుండవలెను.

లినక్సు అను పేరు నిజమునకు కెర్నెల్‌కు మాత్రమే చెందును. ఫిన్లండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని వ్రాయ నారంభించెను. యంత్రభాగములను నడపుట దాని పని. తెరపై బొమ్మలు గీయుట దాని పని కాదు. ఆ పనికి 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ చాలకాలము ఆధారమైనది. ఇప్పుడు వేలాండ్ అను క్రొత్త పద్ధతి దాని స్థానమును ఆక్రమించుచున్నది. వీనికి పైన డెస్క్‌టాప్ ఉండును. 1996లో ఒలివియే ఫూర్దాఁ ఎక్స్‌ఎఫ్‌సీఈని, అదే సంవత్సరము మత్తియాస్ ఎట్రిచ్ కేడీఈని ఆరంభించిరి. 1997లో మిగెల్ ది ఇకాజా, ఫెదెరికో మేనా కలిసి గ్నోమ్‌ను ఆరంభించిరి. ప్యానెల్ అనునది ఈ డెస్క్‌టాపులలోని ఒక అంగము. ఎక్స్‌ఎఫ్‌సీఈలో అది పూర్తిగా వేరొక ప్రోగ్రాము. దానిని ఆపివేసినను తెరచియున్న కిటికీలు యథాతథముగా పని చేయుచునే యుండును. పొరలు ఇట్లు విడివిడిగా నుండుటచేతనే ఒక పొరను మార్చినపుడు తక్కినవి చెదరవు.

ముందుగా ఎక్స్‌ఎఫ్‌సీఈని గ్రహింతము. దీనిని ఎన్నుకొనుటకు కారణము కలదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కోరు యంత్రాంగము లేని కంప్యూటర్లు అనేక విద్యాలయములలో ఉన్నవి. అవి చెడిపోలేదు, వానిపై నడచు వ్యవస్థకే గడువు తీరినది. అట్టి యంత్రములపై తక్కువ భారముతో నడచు డెస్క్‌టాపులలో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒకటి. పాతవానిని తుక్కు క్రింద అమ్మివేయుటకు పూర్వము కళాశాల కమిటీవారు ఈ మార్గమును ఒకసారి పరిశీలించుట మంచిది.

ప్యానెల్‌పై ఖాళీస్థలమున మౌస్ కుడిబటన్ నొక్కినచో ఒక మెనూ వచ్చును. అందులో ప్యానెల్ అభిరుచుల కిటికీని తెరచినచో మూడు భాగములు కనిపించును. మొదటి భాగమున పట్టీ అడ్డముగా నుండవలెనా నిలువుగా నుండవలెనా, ఎంత ఎత్తు, ఎన్ని వరుసలు, తెర వెడల్పులో ఎంత శాతము అనునవి నిర్ణయింపవచ్చును. రెండవ భాగము రంగులకు, పారదర్శకతకు సంబంధించినది. దానిపై ఎక్కువ కాలము వెచ్చింప నక్కరలేదు. మూడవ భాగమే ముఖ్యము. పట్టీపై నున్న అంశముల జాబితా అందు కలదు. కూడిక గుర్తు నొక్కి క్రొత్త ప్లగిన్‌ను చేర్చవచ్చును, బాణపు గుర్తులతో దానిని ముందునకో వెనుకకో జరుపవచ్చును, తీసివేత గుర్తుతో తొలగింపవచ్చును.

ఇచ్చట నూతన విద్యార్థులను తికమకపెట్టు విషయమొకటి ఉన్నది. చేర్చిన అంశములన్నియు ఎడమవైపుననే ఒకదాని ప్రక్కన ఒకటి చేరును. గడియారమును కుడిచివరకు ఎట్లు పంపవలెనో తోచదు. దీనికి సెపరేటర్ అను ప్లగిన్‌ను వాడవలెను. అది పేరునకు విభజనరేఖయే గాని, దాని లక్షణములలో విస్తరించు అను గడిలో టిక్కు పెట్టినచో మిగిలిన చోటునంతను తానే ఆక్రమించి, తన తరువాతి అంశములను కుడి అంచునకు నెట్టివేయును. రేఖ కనబడకుండ పారదర్శకముగా చేయు వీలును కలదు. అట్టి సెపరేటర్లు రెండు చేర్చి, వాని నడుమ గడియారము నుంచినచో అది రమారమి మధ్యకు వచ్చును. ప్యానెల్‌ను తీర్చుటలో సగము విద్య ఈ ఒక్క ప్లగిన్‌లోనే ఉన్నదని చెప్పవచ్చును.

పంపిణీతో వచ్చిన ప్లగిన్లే గాక, సాఫ్ట్‌వేర్ భాండారము నుండి మరికొన్నింటిని తెచ్చుకొనవచ్చును. విస్కర్ మెనూ అనునది ప్రోగ్రాము పేరులోని రెండు మూడు అక్షరములు టైపు చేయగనే దానిని వెదకి చూపును. నకలు చేసిన పాఠమును దాచి, ముందటి నకళ్లను గూడ మరల అందించు క్లిప్‌మ్యాన్ వ్యాసములు వ్రాయువారికి ఎంతో సహాయకారి. వాతావరణము, ప్రాసెసరు భారము చూపునవి కలవు. వానిలో కొన్ని అందముకొరకే తప్ప అంతగా అవసరము లేదు.

మన వంటి విద్యాలయములకు అత్యావశ్యకమైనది కీబోర్డు ప్లగిన్. ఒకే యంత్రముపై ఉదయము ఒకరు తెలుగులో, మధ్యాహ్నము మరియొకరు ఉర్దూలో టైపు చేయుచుందురు. ముందుగా సెట్టింగులలోని కీబోర్డు విభాగమునకు పోయి, వ్యవస్థ నిర్ణయించిన అమరికను వాడుట అను టిక్కును తొలగించి, ఆంగ్లము, తెలుగు, ఉర్దూ అమరికలను వరుసగా చేర్చవలెను. ఒకదాని నుండి మరొకదానికి మారుటకు ఆల్ట్, షిఫ్ట్ కీల జంట వంటిదానిని ఎంచుకొనవలెను. ఎక్స్ పద్ధతిలో ఒకేసారి 4 అమరికలకు మించి ఉంచుటకు వీలులేదు. ఆంగ్లము, తెలుగు, ఉర్దూ, హిందీ కలిపిన సరిగా నాలుగగును గనుక మనకు ఆ పరిమితి ఇబ్బంది కలిగింపదు. తెలుగులో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి గలదు. ఇందులో అచ్చులు ఎడమచేతి వైపున, హల్లులు కుడిచేతి వైపున ఉండును. తెలుగున నేర్చినవారికి హిందీ టైపు చేయుటయు సులభమగును. ఉర్దూలో ధ్వనిననుసరించిన ఫొనెటిక్ అమరిక ఎక్కువమందికి సుపరిచితము.

పిమ్మట ప్యానెల్‌పై కీబోర్డు లేఔట్ల ప్లగిన్‌ను చేర్చినచో ప్రస్తుతము ఏ అమరిక నడచుచున్నదో అది చూపును. చూపు విధములలో దేశపు జెండా ఒకటి, అక్షరములు ఒకటి. ఇచ్చట కొంత ఆగి ఆలోచింపవలసి యున్నది. తెలుగు అమరిక భారతదేశపు విభాగములో ఉండును. కావున దానికి త్రివర్ణ పతాకము కనిపించును. ఉర్దూ అమరికలు రెండు విభాగములలో ఉన్నవి. భారతీయ అమరికల క్రింద ఉర్దూ ఫొనెటిక్, ఉర్దూ విండోస్ అను పేర్లతో కొన్ని కలవు. పాకిస్తాన్ విభాగమందును ఉర్దూ కలదు. తొందరలో రెండవదానిని ఎంచుకొన్నచో, హైదరాబాదు విద్యార్థి గాలిబ్‌ను గూర్చి వ్యాసము టైపు చేయుచుండగా తెరపై పొరుగుదేశపు జెండా వెలయును. మొదటిదానిని ఎంచుకొన్నచో తెలుగునకును ఉర్దూనకును ఒకే జెండా కనిపించి, ఏ భాషలో నున్నామో జెండాను బట్టి తెలియదు.

జెండా దేశమునకు గుర్తు, భాషకు గుర్తు కాదు. ఉర్దూ మన రాజ్యాంగపు 8వ షెడ్యూలులోని భాష. దక్కనులో శతాబ్దములుగా వర్ధిల్లిన భాష. ఏదో దూరదేశమున కూర్చుండి జాబితా తయారుచేసినవారు అమరికలను దేశముల వారీగా విభజించుట వారి సౌకర్యము కొరకే గాని, అందు దురుద్దేశమేమియు లేదు. అయినను ప్రయోగశాలలో పదిమంది చూచు తెరపై అట్టి గుర్తు వెలసినచో, ఒక అనవసర ప్రశ్నకు విద్యార్థి సమాధానము చెప్పుకొనవలసి వచ్చును. పరిహారము చాల సులభము. భారతీయ విభాగమందలి ఉర్దూ అమరికనే చేర్చవలెను. ప్లగిన్ లక్షణములలో జెండాను మాని అక్షరరూపమును కోరవలెను. దేశపు పేరునకు బదులు భాష పేరును చూపు ఏర్పాటు ఉన్నచో దానిని ఎంచుకొనవలెను. రెండు నిముషముల పని ఇది. ప్రయోగశాలను సిద్ధపరచు అధ్యాపకులు మరువక చేయవలసినదని నా అభిప్రాయము.

అదే ప్లగిన్‌లో మరియొక సదుపాయము దాగియున్నది. అమరికను వ్యవస్థ మొత్తమునకు ఒకటిగా ఉంచవచ్చును, లేదా ప్రతి కిటికీకి వేరువేరుగా జ్ఞాపకముంచుకొను నట్లు చేయవచ్చును. రెండవ విధమున ఒక కిటికీలో ఉర్దూ పత్రము, మరొక కిటికీలో తెలుగు అనువాదము తెరచి యుంచినచో, కిటికీ మారగనే అమరికయు దానంతట అదే మారును. అనువాదము చేయువారికి ఇంతకు మించిన ఉపకారము వేరొకటి లేదు.

లిపుల ప్రసక్తి వచ్చినది గనుక పట్టీ ఎత్తును గూర్చి రెండు మాటలు. ఆంగ్లాక్షరములకు 24 పిక్సెళ్ల ఎత్తు చాలును. మన తెలుగునకు పైన గుడులు, క్రింద వత్తులు, ఒక్కొక్కపుడు వత్తు క్రింద మరొక వత్తు వచ్చును. ఉర్దూ నస్తాలిఖ్ లిపి మరింత విశాలము కోరును. అందు పదము కుడిపై నుండి ఎడమ క్రిందకు వాలుగా దిగును. పదము పొడవైనకొలది ఎత్తు పెరుగును. సన్నని పట్టీలో నస్తాలిఖ్ పేర్లు ఇరుకై, పైనో క్రిందనో తెగిపోయినట్లు కనిపించుటకు కారణమిదియే. పట్టీ ఎత్తును 36 లేక 40 పిక్సెళ్లకు పెంచుట ఒక మార్గము. మెనూలకును పట్టీకిని సమరేఖపై నడచు నస్ఖ్ ఫాంటును వాడి, పత్రములలో మాత్రము నోటో నస్తాలిఖ్ ఉర్దూ వంటి ఫాంటును వాడుట మరొక మార్గము. కన్నులకు సొంపైన నస్తాలిఖ్‌ను వదలుటకు ఉర్దూ మిత్రులు ఇష్టపడరని ఎరుగుదును. అయినను చిన్న అక్షరములలో నస్ఖ్ స్పష్టముగా నుండుననుట కాదనరానిది.

డెస్క్‌టాపు భాషనే ఉర్దూగా మార్చినచో ఇంకొక విశేషము జరుగును. లిపి కుడి నుండి ఎడమకు నడచును గావున గ్నోమ్ తన పట్టీని అద్దములోని బింబము వలె త్రిప్పివేయును. ఎడమ మూలనుండు అంశము కుడికిని, కుడినుండు వ్యవస్థ మెనూ ఎడమకును పోవును. ఇది లోపము కాదు. చదువరి చూపు మొదట పడుచోట మొదటి అంశము ఉండవలెనను నియమమే.

ప్లగిన్లన్నింటిలో విద్యార్థికి నిజముగా విద్య గరపునది జెనరిక్ మానిటర్. తనకు తానుగా అది ఏమియు చూపదు. మనము ఒక ఆదేశమును ఇచ్చి, ఎన్ని క్షణముల కొకసారి నడుపవలెనో చెప్పినచో, ఆ ఆదేశము వెలువరించిన ఫలితమును పట్టీపై చూపును. ఫలితమును నిర్ణీత గుర్తుల నడుమ వ్రాసినచో ఒక భాగము పట్టీపైనను, మరొక భాగము మౌస్ బాణము దానిపై నిలిచినపుడు మాత్రమును కనిపించునట్లు చేయవచ్చును. నొక్కినపుడు వేరొక ప్రోగ్రాము తెరచుకొను ఏర్పాటును కలదు.

ఉదాహరణకు, వార్షిక పరీక్షలకు ఎన్ని దినములున్నవో పట్టీపై చూపవలెననుకొందము. లినక్సు కాలమును 1970 జనవరి 1 నుండి గడచిన క్షణములుగా లెక్కించును. పరీక్ష దినమున అర్ధరాత్రికి ఎన్ని క్షణములో డేట్ అను ఆదేశమును అడుగవలెను. నేటి అర్ధరాత్రికి ఎన్నో అడుగవలెను. మొదటిదాని నుండి రెండవదానిని తీసివేసి, దినమునకు 86,400 క్షణములు గనుక ఆ సంఖ్యచే భాగింపవలెను. నేటి అర్ధరాత్రికి మారుగా ప్రస్తుత క్షణమును గ్రహించినచో భాగహారములో శేషము పోయి ఒక దినము తక్కువగా కనిపించును, ఇది గమనింపదగినది. వేసవిలో గడియారము ముందునకు జరుపు ఆచారము మన దేశమున లేదు గావున లెక్క నిశ్శేషముగా తెగును. ఈ నాలుగు పంక్తులను ఒక ఫైలులో వ్రాసి, దానికి నడచుటకు అనుమతి ఇచ్చి, ఆ ఫైలు పేరును ప్లగిన్‌కు తెలుపవలెను.

ఎంతసేపటి కొకసారి నడుపవలెను? క్షణమున కొకసారి నడిపినచో దినమునకు 86,400 మారులు ఒక క్రొత్త ప్రక్రియ పుట్టి గిట్టును; గంట కొకసారి యనిన 24 మారులు చాలును. దినమున కొకసారి మారు సంఖ్యకు గంట కొకసారి లెక్క మిక్కిలి సరిపోవును. పాత యంత్రములు మందగించుటకు ఇట్టి అవివేకపు గడువులు కొంతవరకు కారణమగుచుండును.

ప్లగిన్ లోపల ఏమున్నదో చూతము. ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్లగిన్‌లో సాధారణముగా రెండు భాగములుండును. ఒకటి దాని పేరు, వివరణ, గుర్తు తెలుపు చిన్న పాఠ్యఫైలు. రెండవది సి భాషలో వ్రాసి కంపైలు చేసిన లైబ్రరీ. ప్యానెల్ మొదటిదానిని చదివి జాబితాలో చేర్చును. మనము కోరినపుడు రెండవదానిని నడుపును. ప్లగిన్ ప్యానెల్ లోపలనే నడువవచ్చును, లేదా వేరు ప్రక్రియగా బయట నడువవచ్చును. లోపల నడుచునది వేగము, తక్కువ జ్ఞాపకశక్తి కోరును. అయితే అది కుప్పకూలినచో ప్యానెల్‌ను గూడ తనతో కూల్చును. బయట నడుచునది కూలినచో తానొక్కటియే పోవును. ఆ ప్లగిన్ అనుకోకుండ వెడలిపోయినది, మరల నడుపుదునా యని ప్యానెల్ మర్యాదగా మనలను అడుగును.

గ్నోమ్ మార్గము వేరు. గ్నోమ్ 2 కాలమున, అనగా 2002 మొదలు, ఆప్లెట్లు అను పేర ప్లగిన్ల వంటివే ఉండెడివి. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వెలువడినపుడు పాత పట్టీని, ఆప్లెట్లను త్రోసిపుచ్చి, గ్నోమ్ షెల్ అను క్రొత్త నిర్మాణమును తెచ్చిరి. అలవాటుపడినవారు కలత చెందిరి. కొందరు పాత గ్నోమ్ 2నే పట్టుకొని మాతే అను పేరుతో కొనసాగించిరి. అది దక్షిణ అమెరికాలో త్రాగు ఒక పానీయపు పేరు. లినక్స్ మింట్ వారు సినమన్ అను వేరొకదానిని నిర్మించిరి. ఒక నిర్ణయము నచ్చనివారు మూలకోడును తీసుకొని తమ దారిన తాము పోగల్గుట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనే సాధ్యము.

గ్నోమ్ షెల్‌ను మార్చుటకు ఎక్స్‌టెన్షన్లు ఉన్నవి. ఇవి జావాస్క్రిప్టులో వ్రాయబడును గావున కంపైలు చేయ నక్కరలేదు. కళాశాలలో వెబ్ పాఠములు నేర్చినవాడు చదివి గ్రహింపగలడు. ప్రతి ఎక్స్‌టెన్షన్‌లో దాని పేరు, అది ఏ గ్నోమ్ వెర్షనుకు చెందునో తెలుపు ఫైలొకటి, అసలు పని చేయు ఫైలొకటి ఉండును. రెండవదానిలో ముఖ్యమైన ఫంక్షన్లు రెండు: ఒకటి ఎక్స్‌టెన్షన్‌ను ప్రారంభించును, రెండవది ఆపును. ప్రారంభించునపుడు ఏమేమి చేర్చెనో ఆపునపుడు అవన్నియు తొలగింపవలెనను నియమము కఠినమైనది. వాడుకలో మిక్కిలి ప్రసిద్ధమైన డ్యాష్ టు ప్యానెల్ అనునది పై పట్టీని, ప్రోగ్రాముల గుర్తుల వరుసను కలిపి తెర క్రిందిభాగమున ఒకే పట్టీగా చేయును. విండోస్‌కు అలవాటుపడినవారికి అది సుఖము.

ఇందులోని చిక్కులను గూడ చెప్పవలెను. గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ షెల్ లోపలనే, దాని ప్రాణముతో కలిసి నడచును. చెడిపోయినచో షెల్ కూలును. వేలాండ్ పద్ధతిలో షెల్ కూలిన సెషన్ మొత్తము పోయి, భద్రపరచని పని నష్టమగును. రెండవది, షెల్ లోపలి నిర్మాణము మారినపుడెల్ల ఎక్స్‌టెన్షన్లు విరుగును. 2023 సెప్టెంబరున వచ్చిన గ్నోమ్ 45లో జావాస్క్రిప్టు మాడ్యూళ్ల పద్ధతియే మారుటచే, అంతకు ముందరి ఎక్స్‌టెన్షన్లు తిరుగ వ్రాయనిదే నడువలేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈలోను 2020 డిసెంబరు నాటి 4.16లో జీటీకే 2 ప్లగిన్లకు స్థానము పోయినది గాని, అట్టి మార్పులు అక్కడ అరుదు. కావుననే ప్రయోగశాలకు ఎక్స్‌ఎఫ్‌సీఈ, సొంత యంత్రముపై ప్రయోగములకు గ్నోమ్ అని నేను సూచింతును.

నమ్మకమను విషయమును గూడ విస్మరింపరాదు. ప్లగిన్ యైనను ఎక్స్‌టెన్షన్ యైనను ఎవరో అపరిచితుడు వ్రాసిన కోడు. మన ఖాతాలో మనము చేయగల పనులన్నియు అదియు చేయగలదు. గ్నోమ్ వారి భాండారమున స్వచ్ఛంద సేవకులు కోడును చదివిన పిమ్మటనే ప్రకటింతురు. పంపిణీల భాండారములకు పోషకులు ఉందురు. ఈ రెండు చోట్లు తప్ప మరెక్కడి నుండియో దింపుకొన్నదానిని ప్రయోగశాల యంత్రములపై పెట్టుట తగదు.

ఇక కమిటీవారి నిర్ణయమునకు వదలదగిన ప్రశ్న ఒకటి. ప్రయోగశాలలో ప్యానెల్‌ను విద్యార్థులు మార్చుటకు వీలులేకుండ బిగింపవలెనా? ఎక్స్‌ఎఫ్‌సీఈలో అది సాధ్యము. వ్యవస్థ విభాగమందలి ప్యానెల్ సెట్టింగుల ఫైలులో, నిర్వాహకుడు తప్ప మరెవ్వరు మార్చరాదని ఒక మాట చేర్చినచో చాలును. అందరు కలసి వాడు ఒకే ఖాతా ఉన్నచోట ఇట్లు చేయుటయే ఉచితము. లేనిచో ఉదయము వచ్చిన విద్యార్థి తీసివేసిన తెలుగు అమరిక కొరకు మధ్యాహ్నపు విద్యార్థి వెదకుచుండును. ప్రతి విద్యార్థికి వేరు ఖాతా ఇచ్చినచో బిగింపు అనవసరము. ఒక్కొక్కరి సెట్టింగులు వారి వారి ఫోల్డరులోనే ఉండును గనుక ఒకరి మార్పు మరొకరికి తగులదు. వేరు ఖాతాలిచ్చుట కొంత శ్రమయే. అయినను కంప్యూటరు చదువునకు వచ్చినవానికి కంప్యూటరును తాకరాదని చెప్పుటకంటె ఆ శ్రమయే మేలు.

మార్పులకు పూనుకొనునపుడు ప్యానెల్ ప్రొఫైల్స్ అను ఉపకరణముతో ప్రస్తుతపు అమరికను ఒక పేరుతో భద్రపరచుకొనవలెను. ఆ ఫైలును ఒక యంత్రము నుండి మరొక యంత్రమునకు తీసుకొనిపోవచ్చును; ముప్పది యంత్రములను విడివిడిగా దిద్దు పని తప్పును. అయితే ఆ ప్లగిన్లు రెండవ యంత్రమున గూడ ముందే ఉండవలెను. ప్రయోగము చేయుచు పట్టీని పూర్తిగా పోగొట్టుకొన్నచో భయపడ నక్కరలేదు. ఆల్ట్, ఎఫ్2 కీలను కలిపి నొక్కి, వచ్చిన గడిలో ప్యానెల్ ప్రోగ్రాము పేరు వ్రాసినచో అది తిరిగి లేచును. సెట్టింగులే చెడినచో సెషన్ నుండి బయటకు వచ్చి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలతో అక్షరముల తెరకు పోయి, తన ఫోల్డరులోని ప్యానెల్ సెట్టింగుల ఫైలునకు వేరొక పేరు పెట్టవలెను. సెషన్ లోపల నుండి దానిని తీసివేసిన ప్రయోజనము లేదు. సెట్టింగులను జ్ఞాపకముంచుకొను ప్రక్రియ పాతవానినే తిరిగి వ్రాసివేయును. బయట నుండి పేరు మార్చి మరల ప్రవేశించినచో పట్టీ మొదటి రూపమున కనిపించును. పాత ఫైలు వేరు పేరుతో అచ్చటనే ఉండును గావున, అందు ఏమి చెడినదో తీరికగా చదివి చూచుకొనవచ్చును.